రెండున్నరేళ్లుగా చేతికున్న ఫిట్‌నెస్ బ్యాండ్: 10,000 తీసేశాకే నడక అలవాటైంది

మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది, షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పిన వారమే ఈ బ్యాండ్ కొన్నాను. ఆన్ చేయగానే రోజుకు 10,000 అడుగులని చూపించింది. డాక్టర్ల లెక్కే అనుకుని పట్టుబట్టి నడిచాను. పన్నెండో రోజుకు మడమ పట్టేసింది. నెల తిరక్కముందే బ్యాండ్ బీరువాలోకి వెళ్లింది.

ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన మాన్‌పోకే అనే అడుగుల మీటరుది. ఆ పేరుకే పదివేల అడుగుల మీటరని అర్థం. ఈ సంగతి ముందే తెలిసుంటే అంత టెన్షన్ పడేవాణ్ణి కాదు.

రెండోసారి కట్టుకున్నప్పుడు వారం పాటు లక్ష్యమేమీ లేకుండా మామూలుగా తిరిగాను. కూర్చుని చేసే ఉద్యోగం కదా, సగటు 3,400 తేలింది. అందుకే 4,500తో మొదలుపెట్టాను. వారానికి ఐదు రోజుల చొప్పున రెండు వారాలు అందితేనే ఇంకో ఐదొందలు. 8,000 చేరడానికి పది నెలలు పట్టింది, మధ్యలో మే నెల వచ్చింది మరి. కర్నూలు ఎండలో పొద్దున ఏడింటికే రోడ్డు మీద నిలవలేం. ఆ నెలంతా ఐదింటికే కొండారెడ్డి బురుజు దాకా వెళ్లొచ్చి, రాత్రి తిన్నాక మిద్దె మీద ఇరవై నిమిషాలు తిరిగాను. 'రోజూ నడవాలి' అనుకున్నన్నాళ్లూ కదల్లేదు, టైము, దారి ఖాయం చేసుకున్నాకే కుదిరింది.

లోపాలున్నాయి. నోటితో లెక్కపెడుతూ 500 అడుగులు వేస్తే 487 చూపింది, బాగానే ఉంది. అదే చేత్తో కూరగాయల సంచి పట్టుకుని నడిస్తే 310! గుంతల రోడ్డులో బండి మీద వెళ్తే మాత్రం వెయ్యకున్నా అడుగులు కలుపుతుంది. వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతో పాటు రెండు రోజులు కండరాలకు పని చెప్పమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నేను తీసే గుంజీలు బ్యాండ్‌కు తెలియవు. అవి గోడ క్యాలెండర్‌లో, అమ్మ రాసుకునే పాల లెక్క కింద టిక్ పెడతాను.

ఏడాదికి హెచ్‌బీఏ1సీ 5.8కి దిగింది. రాత్రి అన్నం మాని జొన్నరొట్టె తిన్నాను కాబట్టి ఆ ఘనతంతా బ్యాండ్‌కే ఇవ్వను. బరువు తగ్గింది మూడు కిలోలే. కిలోలే లక్ష్యంగా పెట్టుకుని ఉంటే ఎప్పుడో మానేసేవాణ్ణి.

పట్టీ రెండుసార్లు మార్చాను. పది రోజులొచ్చే ఛార్జింగ్ ఇప్పుడు నాలుగు రోజులకే అయిపోతోంది. ఇది పోతే ఇలాంటిదే కొంటాను, కొనగానే 10,000 తీసేసి 8,000 పెడతాను.