చెట్టినాడు: పాత ఇళ్ళు, అరవై దాటిన మోకాళ్ళు

అరవై దాటాక ప్రయాణాల్లో చూసే చూపే మారిపోతుంది. మెట్లు ఎన్ని, పట్టుకోవడానికి ఏమైనా ఉందా, బాత్రూం నేల జారుతుందా అన్నవి ముందు కంటపడతాయి, శిల్పాలూ చెక్కడాలూ ఆ తర్వాతే. తమిళనాడులో చెట్టినాడు తిరిగొచ్చి రాస్తున్నాను కాబట్టి ఇందులో మోకాళ్ళ గోల కొంచెం ఎక్కువే ఉంటుంది, భరించండి.

వెళ్ళడం తేలికే. చెన్నై ఎగ్మోర్ నుంచి పల్లవన్ ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే నేరుగా ఇక్కడి పెద్ద పట్టణం కారైక్కుడి. విమానంలో అయితే మదురై గానీ తిరుచ్చి గానీ దిగి కారు మాట్లాడుకోవాలి. చెట్టినాడు అంటే ఒక ఊరు కాదు, ఇప్పుడు 73 పల్లెలూ 2 పట్టణాలూ కలిసిన ప్రాంతం. ఇక్కడి వ్యాపార కులం నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మా, సిలోన్, మలయాల్లో వడ్డీ వ్యాపారం చేసి సంపాదించిందంతా తెచ్చి ఈ ఎండుటూళ్ళలో ఇళ్ళ మీద పోశారు. బర్మా టేకు, ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు, ఒకటని కాదు. ముందు గుమ్మం ఒక వీధిలో ఉంటే పెరటి గుమ్మం వెనక వీధిలోకి తెరుచుకుంటుంది, అంత పొడుగు. 1942లో జపాన్ వాళ్ళు బర్మాలోకి వచ్చాక అక్కడి వ్యాపారం కూలిపోయింది, ఆస్తులు పోయాయి, కుటుంబాలు మద్రాసుకీ ఇంకా దూరానికీ వెళ్ళిపోయాయి. ఇళ్ళు మాత్రం ఎక్కడికి పోతాయి? వీటిలో కొన్ని పల్లెలు 2014 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ఉన్నాయి.

ముందుగా చూసినది కానాడుకాత్తాన్ అనే ఊరు. అక్కడి చెట్టినాడు రాజా వారి ప్యాలెస్ బయటి నుంచే చూశాం, దానికే మెడ నొప్పి పుట్టింది. నాకు నచ్చింది ఆ పెద్ద భవనం కాదు, దాని చుట్టూ ఉన్న వీధులు. ఎర్రమట్టి, మధ్యాహ్నం పూట మనిషి అలికిడి ఉండదు, తాళం వేసిన ఇంటి పక్కన తాళం వేసిన ఇల్లు. ఒక్కో ఇంటికీ బోలెడుమంది వాటాదారులు, పెళ్ళికో కులదైవం పండక్కో అందరూ వచ్చినప్పుడే తలుపులు తీస్తారు. ఇలాంటి చోట్ల ఫొటోలు తీసేవాళ్ళు పెచ్చులూడిన గోడ, పైకప్పులోంచి మొలిచిన రావిచెట్టు చూసి ఆహా ఓహో అంటుంటారు. నాకు అది నచ్చదు. కప్పు కూలిన ఇల్లంటే ఎక్కడో అన్నదమ్ములకి పడలేదని, లేదా బాగుచేయించే స్తోమత లేదని అర్థం, అందులో అందం వెతకడం ఊరికే వచ్చిపోయే వాళ్ళకే కుదురుతుంది. ముసలితనం గొప్పదని ఉపన్యాసాలిచ్చే వాళ్ళని చూసినా నాకు ఇంతే, వాళ్ళకి ఇంకా బీపీ బిళ్ళలు మొదలై ఉండవు.

మరి అందం ఎక్కడుందంటే, వాడుకలో ఉన్న ఇంట్లో ఉంది. మేం దిగిన హోమ్‌స్టే ఇంట్లో గోడ మీద చెయ్యి పెడితే మండుటెండలో కూడా చల్లగా, పాలరాయిలా నున్నగా ఉంది. సున్నం, గవ్వల పొడి, కోడిగుడ్డు తెల్లసొన కలిపి పూత మీద పూత వేసి, గంటలకొద్దీ రుద్ది నిగ్గు తేల్చిన గోడ అది, దానికి రంగుతో పని లేదు. మండువాలో పడ్డ వాన నీళ్ళు పట్టుకోవడానికి ఇత్తడి గంగాళాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇక గడప! టేకు గడప మధ్యలో, అందరూ దాటే చోట, చేతి మందం లోతుగా అరిగిపోయి ఉంది. పక్కల మాత్రం చెక్కిన పూలు నిన్న చెక్కినట్టే. మా ఆవిడ ద్వారబంధం మీద చెయ్యేసుకుని లోపలికి అడుగుపెడుతూ, "ఇన్నేళ్ళూ అందరూ ఇక్కడే కాలు పెట్టారండీ, చూడండి" అంది. ఇంటి పెద్దావిడ తమిళంలో ఏదో అని నవ్వింది. నాకు అర్థం కాలేదు గానీ మా ఆవిడకి అయినట్టుంది, ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

ఆత్తంగుడి అనే ఊళ్ళో టైల్స్ తయారీ తప్పక చూడండి. ఒక గాజు పలక, దాని మీద ఇనుప అచ్చు, అచ్చులో గళ్ళ వారీగా రంగు సిమెంటు పోస్తారు. అచ్చు ఎత్తేసి పైన పొడి ఇసుక సిమెంటు, ఆ మీద తడి సిమెంటు వేసి నొక్కి, ఆరాక నీళ్ళ తొట్టిలో నానబెడతారు. గాజు ఊడదీస్తే కింద పూల డిజైన్. కొలిమి లేదు, కాల్చే పనే లేదు. కొంతమంది అచ్చు లేకుండా గరిటెతో రంగు తిప్పుతూ పూవు వేసేస్తున్నారు. తలంతా నెరిసిన మేస్త్రి ఒకాయన చెయ్యి అసలు వణకలేదు, నేను కాఫీ కప్పు పట్టుకుంటే ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. కొత్త టైలు కాస్త డల్‌గా ఉంటుంది. నడిచేకొద్దీ, తుడిచేకొద్దీ మెరుస్తుంది. షోరూంలో చూసి "ఇంతేనా" అనుకుంటే పాత ఇంట్లోకి వెళ్ళి చూడండి. ఆ ఊళ్ళోనే ఉన్న పెద్ద ఇల్లు టికెట్ తీసుకుని చూడొచ్చు, రంగురంగుల కప్పు బాగుంటుంది, కానీ మ్యూజియంలా ఉంటుంది, ఒక గంట చాలు.

కారైక్కుడిలో పాత సామాన్ల వీధికి వెళ్ళకపోయినా నష్టం లేదు. కూల్చేసిన ఇళ్ళ తలుపులు, స్తంభాలు, ఎనామిల్ గిన్నెలు, ఎవరి తాతమ్మవో ఫ్రేము కట్టిన ఫొటోలు కూడా అమ్మకానికి ఉన్నాయి. ఫొటోల దగ్గర నేను నిలబడలేకపోయాను. గిన్నెల దగ్గర మా ఆవిడ బాగానే నిలబడింది.

ఇప్పుడు బస సంగతి. మొదట పాత భవంతిని హోటల్‌గా మార్చిన చోట దిగాం, పేరు అనవసరం. చూడ్డానికి కళ్ళు చాలవు. కానీ మంచం ఎక్కడానికి స్టూలు కావాలి, గదికీ బాత్రూంకీ మధ్య అడుగు ఎత్తు మెట్టు, రాత్రి లైటు లేదు, అడిగితే "హెరిటేజ్ సార్, మార్చకూడదు" అన్నారు. ఏసీ మాత్రం ఎలా పెట్టారో! పైగా గోడలకి కొత్తగా కొట్టిన మెరుపు పెయింటు పాత నునుపునంతా మింగేసింది. హోమ్‌స్టే దీనికంటే చాలా చవక, సౌకర్యాలు తక్కువ, వేడి నీళ్ళు బకెట్లో తెచ్చిస్తారు, అయినా బాత్రూంలో గోడకి స్టీలు కడ్డీ బిగించి ఉంది, ఎందుకంటే ఆ ఇంట్లోనే ఒక ముసలాయన ఉంటున్నాడు. నా ఓటు దానికే. కారైక్కుడి లాడ్జి లిఫ్టు ఉంది కాబట్టి ఒక రాత్రికి పర్వాలేదు, చెప్పుకోవడానికి ఏమీ లేదు.

భోజనం అరిటాకులో, మిరియాల ఘాటు గట్టిగానే ఉంటుంది. కడుపు సున్నితం అయితే ముందే చెప్పండి, హోమ్‌స్టేలో మాకు విడిగా పలచటి రసం చేసిపెట్టారు, హోటల్లో అడిగితే మెనూ చేతికిచ్చారు. డ్రైవరు దొరకడం కష్టం కాదు, ఊళ్ళు దగ్గర దగ్గరే. తిరుమయం కోట పైదాకా ఎక్కక్కర్లేదు, కింద గుడి చాలు. పిళ్ళయార్‌పట్టిలో రాతిలో తొలిచిన వినాయకుడి దగ్గర పొద్దున్నే అయితే రద్దీ ఉండదు.

జనవరి, ఫిబ్రవరి మంచివి. ఏప్రిల్ తర్వాత పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి. గది బుక్ చేసేటప్పుడు ఫొటోలు చూసి డబ్బు కట్టకుండా ఫోన్ చేసి మంచం ఎత్తు, బాత్రూం మెట్టు, కింది అంతస్తు గది ఉందో లేదో అడగండి. విసుక్కుంటే ఆ చోటు వదిలేయండి. మేం మళ్ళీ వెళ్తే లాడ్జీ, హోటలూ రెండూ మానేసి నేరుగా ఆ హోమ్‌స్టేకే, మా ఆవిడ ఇప్పటికే ఆ పెద్దావిడ నంబరు ఫోన్లో ఎక్కించుకుంది.