ఉంగరానికి పచ్చా, డయోప్టేజా: ఏది మేలు?

డయోప్టేజ్ అనేది రాగి ఉన్న ఆకుపచ్చ ఖనిజం. దాని స్ఫటికాల ఫోటో మొదటిసారి చూసిన చాలామంది అడిగేది ఒకటే: పచ్చకన్నా ఇదే బాగుంది కదా, దీన్నే ఉంగరంలో పొదిగించుకోవచ్చా? రంగు వరకే చూస్తే వాళ్లన్నది నిజం. మేలురకం పచ్చల్లోనే కనిపించే చిక్కటి ఆకుపచ్చ, కాస్త నీలి ఛాయతో, డయోప్టేజ్‌లో మామూలుగానే ఉంటుంది. అయినా ఉంగరానికి వద్దనే చెబుతాను. వేలికి పచ్చ పెట్టుకోండి. డయోప్టేజ్‌ని చెక్కించకుండా, రాతిమీద పుట్టిన స్ఫటికంగానే కొనుక్కుని అద్దాల బీరువాలో దాచుకోండి. ఇలా ఎందుకంటున్నానో అర్థం కావాలంటే ఈ రెండు రాళ్ల చుట్టరికం తెలియాలి.

రెండింటినీ ఒకటే అనుకోవడం ఈనాటిది కాదు. 18వ శతాబ్దం చివర్లో, ఇప్పటి కజకిస్తాన్‌లో ఉన్న అల్తిన్-త్యూబే దగ్గర దొరికిన ఆకుపచ్చ స్ఫటికాలు పచ్చలన్న పేరుతోనే రష్యాకు చేరాయి. వాటిని అందించిన బుఖారా వర్తకుడు అషీర్ పేరు మీద ఆ రాయిని కొన్నాళ్లు అషిరైట్ అన్నారు. ఫ్రెంచ్ ఖనిజ శాస్త్రవేత్త రెనే జూస్ట్ హావుయ్ ఇది పచ్చ కాదు, వేరే ఖనిజమని చెప్పి 1797లో డయోప్టేజ్ అని పేరు పెట్టారు. పచ్చ, బెరిల్ అనే మరో రాయి రెండూ ఒకే ఖనిజమేమోనని గట్టిగా అనుమానించిందీ ఆయనే. ఆయన అడిగితేనే రసాయన శాస్త్రవేత్త వోక్లాన్ వాటిని పరీక్షించారు. 1798లో బెరీలియం మూలకం బయటపడింది ఆ పరీక్షలోనే.

వర్గీకరణ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. డయోప్టేజ్‌లో రాగి ఉంది కాబట్టి దాన్ని మాలకైట్, అజురైట్ అనే రాగి ఖనిజాల సరసన పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఖనిజాలను లోహాన్ని బట్టి విభజించరు. లోహంతో జతకట్టిన రుణావేశ భాగం ఏదన్నదే లెక్క. మాలకైట్, అజురైట్‌లలో అది కార్బన్, ఆక్సిజన్‌లది కాబట్టి అవి కార్బనేట్లు. డయోప్టేజ్‌లో సిలికాన్, ఆక్సిజన్‌లది కాబట్టి అది సిలికేట్. అందులోనూ ఆరు సిలికాన్ పరమాణువులు, పద్ధెనిమిది ఆక్సిజన్ పరమాణువులు కలిసి వలయంగా అమరిన వలయ సిలికేట్. పచ్చలో ఉన్నదీ సరిగ్గా అలాంటి వలయమే. పచ్చ బెరిల్‌లోనే ఒక రకం. ఖనిజాలకు వర్గ సంఖ్యలిచ్చే స్ట్రుంజ్ పద్ధతిలో బెరిల్ సంఖ్య 9.సీజే.05 అయితే డయోప్టేజ్‌ది 9.సీజే.30. అలాంటిదే అయిన డానా పద్ధతిలోనూ రెండూ 61వ తరగతిలోకే వస్తాయి. అంటే అప్పట్లో హావుయ్ వేరుచేసిన ఈ రెండు రాళ్లూ ఇవాళ వర్గీకరణలో ఒకే గూటిలో ఉంటాయి. రంగు చూసి పొరబడ్డ ఆనాటి వర్తకులకు ఈ వలయాల గురించి తెలిసే వీలే లేదు. ఎక్స్-కిరణాలతో స్ఫటికం లోపలి అమరికను చూడగలిగాకే ఇది తెలిసింది.

వలయం ఒకటే అయినప్పుడు గట్టితనంలో అంత తేడా ఎందుకు? వలయాలను కలిపి పట్టుకునే పరమాణువులు వేరు కాబట్టి. పచ్చలో బెరీలియం, అల్యూమినియం ఆ పని చేస్తాయి. వాటి బంధాలు బలమైనవి. డయోప్టేజ్‌లో ఆరు సిలికాన్‌లకు ఆరు రాగి పరమాణువులు, వాటికి తోడు ఆరు నీటి అణువులు ఉంటాయి. ఆ కట్టు అంత బిగువైనది కాదు. అందుకే మోహ్స్ కొలమానం మీద పచ్చ గట్టితనం 7.5 నుంచి 8 ఉంటే డయోప్టేజ్‌ది 5 మాత్రమే. గాలిలోని దుమ్ములో ఉండే ఇసుక రేణువుల గట్టితనమే 7. అంటే రోజూ పెట్టుకునే ఉంగరంలో డయోప్టేజ్ మెరుపు పోవడానికి ఆ దుమ్మే చాలు.

గీతలు పడటం ఒక్కటే అయితే మళ్లీ మెరుగు పెట్టించుకోవచ్చు. అసలు చిక్కు చీలికతో వస్తుంది. డయోప్టేజ్‌కి మూడు దిశల్లో పరిపూర్ణమైన చీలిక ఉంది. బల్ల అంచుకు ఒక్కసారి తగిలినా నున్నటి తలాల వెంట విడిపోవచ్చు. రాళ్లు చెక్కేవాళ్లకు కూడా దీంతో పెద్ద టెన్షన్, సానమీద ఉండగానే చీలిపోతుందని. వేడి పెరిగితే లోపలి నీరు పోయి రాయి పాడవుతుంది, కాబట్టి మరమ్మతుకు కంసాలి మంట పెట్టాలంటే ముందు రాయిని తీసేయాల్సిందే. అల్ట్రాసోనిక్ యంత్రంలో కడిగించడం అసలే కుదరదు. పచ్చలోనూ పగుళ్లు ఉంటాయి. వాటిని కనిపించకుండా చేయడానికి నూనె పట్టించడం మామూలే. పచ్చనీ జాగ్రత్తగానే వాడాలి, కానీ చీలిక విషయంలో ఈ రెంటికీ పోలికే లేదు.

రంగు పుట్టుకలోనూ తేడా ఉంది. శుద్ధమైన బెరిల్‌కి రంగే ఉండదు. అందులో కొద్దిపాటి క్రోమియమో వెనేడియమో చేరితే పచ్చ అవుతుంది. ఆ కొద్దిపాటి ఎంతన్నదాన్ని బట్టే లేత రంగులు, ముదురు రంగులు. డయోప్టేజ్‌లో రంగునిచ్చేది దాని ఒంట్లోని రాగే. కాబట్టి రంగులేని డయోప్టేజ్ అంటూ ఉండదు. చూడటానికి ఇది లాభమే, చెక్కడానికి మాత్రం నష్టం. రాయి కాస్త పెద్దదైతే వెలుతురు దాటలేక నల్లబారినట్టు కనిపిస్తుంది. రాయి వెలుతురును ఎంతగా వంచుతుందో చెప్పే వక్రీభవన సూచిక పచ్చకు 1.58 దరిదాపుల్లో ఉంటే డయోప్టేజ్‌కి 1.64 నుంచి 1.71 దాకా ఉంటుంది. మెరవాల్సింది ఇదే. కానీ ఆ మెరుపునంతా రంగే కప్పేస్తుంది. చిన్న స్ఫటికాల గుత్తిలో మాత్రం ప్రతి మొనలోనూ వెలుతురు ఆడుతుంది. అందుకే దీన్ని ముట్టుకోకుండా అలాగే ఉంచాలంటాను.

డయోప్టేజ్ అరుదు కావడానికి కారణం అది పుట్టే తీరు. రాగి చెంబుకి చిలుము పట్టినట్టే, భూమిపైకి దగ్గరగా ఉన్న రాగి సల్ఫైడ్ ఖనిజాలు గాలికీ వాననీటికీ మారిపోతాయి. కరిగిన రాగికి సున్నపురాయి తగిలితే మాలకైట్, అజురైట్ తయారవుతాయి. ఇలా మొదటి ఖనిజం చెడి పుట్టినవాటిని ద్వితీయ ఖనిజాలంటారు. రైతులకు తెలిసిన మైలుతుత్తం కూడా ప్రకృతిలో గనుల గోడల మీద ఇలాగే ఏర్పడుతుంది. నీటిలో కరిగే గుణం వల్ల పొడి ప్రాంతాల్లోనే నిలుస్తుంది. డయోప్టేజ్ పుట్టాలంటే రాగితోపాటు నీటిలో కరిగిన సిలికా కూడా కావాలి, పరిస్థితులు సరిగ్గా కుదరాలి. ఎక్కువసార్లు ఆ సిలికా క్రిసోకొల్లా అనే మరో రాగి ఖనిజంగా ముద్దకట్టేస్తుంది. అందుకే మంచి డయోప్టేజ్ దొరికే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: కజకిస్తాన్‌లోని ఆ మొదటి చోటు, నమీబియాలోని త్సుమేబ్, కాంగో, అమెరికాలో అరిజోనా, ఇంకొన్ని. త్సుమేబ్ గని 1996లో మూతపడింది. తెల్లటి కాల్సైట్ మీద పచ్చటి డయోప్టేజ్ ఉన్న ఆ గని నమూనాలంటే సేకర్తలకు ఇప్పటికీ ప్రాణం. సుమారు 9 వేల ఏళ్ల కిందట, ఇప్పటి జోర్డాన్‌లోని ఐన్ గజాల్‌లో సున్నంతో చేసిన బొమ్మల్లో కొన్నింటికి కళ్ల చుట్టూ డయోప్టేజ్ పొడితో తీర్చిదిద్దారు. లోహయుగం ఇంకా రాకముందే మనుషుల మనసుకి ఈ రంగు పట్టింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇంత అరుదైనా పచ్చకున్న ధర దీనికి లేదు. నగల్లో పనికిరాని రాయికి సేకర్తలే గిరాకీ. పచ్చకు పెట్టే డబ్బులో చిన్న భాగంతోనే, చూసినకొద్దీ చూడాలనిపించే డయోప్టేజ్ గుత్తి వస్తుంది. పచ్చ కొనలేనివాళ్లకు ఇది శుభవార్తే.

వేలికి రాగి ఆకుపచ్చే కావాలంటే మాలకైట్ ఉంది. గట్టితనం 3.5 నుంచి 4, అంటే డయోప్టేజ్ కన్నా మెత్తనే. అయినా సన్నటి పోగులు దట్టంగా పేరుకున్న ముద్ద కాబట్టి ఒక్క దెబ్బకు అద్దంలా చీలదు. సెయింట్ పీటర్స్‌బర్గ్ వింటర్ ప్యాలెస్‌లో ఒక గది స్తంభాలకు ఉరల్ పర్వతాల మాలకైట్‌తోనే తొడుగు వేశారు. చవకగా దొరుకుతుంది, లాకెట్‌కి బాగుంటుంది. ఉంగరానికి మాత్రం ఇదీ అంతంతే.

కొనేముందు విడి రాయి అయితే తూకంతో తేల్చుకోవచ్చు. పచ్చ సాంద్రత 2.7, డయోప్టేజ్‌ది 3.3 ప్రాంతం. పది గ్రాముల పచ్చను నీటిలో వేలాడదీసి తూచితే దాదాపు 3.7 గ్రాములు తగ్గుతుంది. డయోప్టేజ్ అయితే మూడు గ్రాములే తగ్గుతుంది. గీకి చూడటం మాత్రం వద్దు. చాకు మొన పచ్చను ఏమీ చేయలేదు, డయోప్టేజ్‌ని మాత్రం శాశ్వతంగా పాడుచేస్తుంది. యాసిడ్ చుక్క వేసి చూస్తామన్నా ఒప్పుకోకండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాలకైట్‌ని నురగలు కక్కిస్తుంది, డయోప్టేజ్‌ని జిగురులా మార్చేస్తుంది. రాగి రాళ్లను తాగేనీటిలో వేసి ఆ నీళ్లు తాగమని చెప్పేవాళ్ల మాట అసలే వినకండి.

డయోప్టేజ్ నమూనా తీసుకుంటే ఏ గనిదో రాసిన చీటీ అడిగి తీసుకోండి, దాన్ని రాయితోపాటే ఉంచండి. దుమ్ము పడితే మెత్తటి కుంచెతో తుడవండి. మూతున్న డబ్బాలో పెడితే ఆ పని కూడా తక్కువే.