మా ప్లేటింగ్ షెడ్డులో కాగు: నాలుగేళ్లు వాడాక

మడికొండ ఇండస్ట్రియల్ ఏరియాలో మాది చిన్న ప్లేటింగ్ షెడ్డు. పంపుసెట్ల బోల్టులకు జింక్, బీరువా హ్యాండిళ్లకు నికెల్ పూత వేస్తాం. వేసిన ప్రతి వస్తువునూ కడగాలి. లోహం కలిసిన ఆ కడిగిన నీళ్లను మోరీలో వదలడానికి లేదు. 2021లో హైదరాబాద్‌లో చేయించి తెచ్చిన ఎవాపరేటర్‌లో వాటిని ఇగరబెడుతున్నాం. పేరుకే ఎవాపరేటర్, మా పనివాళ్ల నోట్లో మాత్రం కాగు. నిజంగానే స్టీలు కాగు లాగే ఉంటుంది. అడుగున 18 కిలోవాట్ల హీటర్లు, పైన తుంపరను ఆపే జాలీ, ఆపైన గొట్టం.

అంతకుముందు ఎండనే నమ్ముకున్నాం. లోతు లేని సిమెంటు తొట్టి, లోపల మందపాటి ప్లాస్టిక్ షీటు. మే నెలలో రోజుకు సెంటీమీటరు దాకా తగ్గుతుంటే పైసా ఖర్చు లేదని సంబరపడ్డాను. 2020 ఆగస్టులో వరంగల్ కాలనీలు మునిగిన వానలకు తొట్టి అంచు దాకా నిండింది. రాత్రంతా ఇద్దరం బకెట్లతో డ్రమ్ముల్లోకి తోడుతూనే ఉన్నాం. పైన రేకులు వేయాల్సింది కదా అని చాలామంది అన్నారు. రేకులు వేస్తే ఎండెట్లా పడుతుంది?

ఇక కాగు సంగతి. లీటరు నీటిని మరిగించి పూర్తిగా ఆవిరి చేయడానికి లెక్క ప్రకారం 0.7 యూనిట్ చాలు. మా మీటరులో 0.85 తిరుగుతోంది. గంటకు 25 లీటర్లు ఇగురుతాయని అమ్మినాయన చెప్పాడు, నేను 20 దాటి చూడలేదు. ఆయన చెప్పింది వేడి ఎక్కడికీ పోని లెక్క. రోజుకు 200 లీటర్లు పోస్తే 170 యూనిట్లు. మొదటి నెల బిల్లు చూసి రెండు రోజులు కాగు ఆపేశాను.

తప్పు కాగుది కాదు, మేం వాడే నీళ్లది. బాత్‌లోంచి, అంటే పూత వేసే ద్రావణం ఉన్న తొట్టిలోంచి, తీసిన వస్తువును వెంటనే కడిగేవాళ్లం. ఇప్పుడు ద్రావణం తిరిగి అందులోకే కారేలా బాత్ మీదే వేలాడదీసి, ఇరవై లెక్కపెట్టాకే పక్కకు తీస్తారు. తక్కువ నీళ్లతో కడగడానికి తొట్లు మూడు వరుసగా పెట్టాం. ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తట్టింది: నికెల్ బాత్ 55 డిగ్రీల దగ్గర నడుస్తుంది కాబట్టి రోజూ దానంతట అదే కొంత ఇగురుతుంది. ఆ తగ్గినంత మేరకు మొదటి తొట్టి నీళ్లనే వడపోసి అందులో పోస్తున్నాం. అందులోని నికెల్ కూడా తిరిగి బాత్‌కే చేరుతుంది. బోరునీళ్లు పోస్తే వాటిలోని సున్నం బాత్‌లో పేరుకుంటుంది, అందుకే ఆ మొదటి తొట్టిలో ఫిల్టర్ నీళ్లే. దీంతో కాగులోకి వచ్చేవి రోజుకు 90 లీటర్లకు దిగాయి.

బాగా ఇబ్బంది పడ్డది నురగతో. జిడ్డు తీసే సబ్బునీళ్లను కూడా ఒకరోజు కాగులోనే పోసేశాం. అరగంటకు కుర్రాడు ఉరికొచ్చాడు. "అన్నా, పాల లెక్క పొంగుతాంది!" స్విచ్ ఆపేలోపే నురగ జాలీ దాటి గొట్టంలోకి ఎక్కి, రేకుల మీద తెల్లటి చారలు కట్టింది. అంటే ఆపాల్సిన లోహాన్ని మేమే బయటికి పంపాం. ఆ తర్వాత సబ్బునీళ్లు వేరే డ్రమ్ములోకే, కాగు మూడింట రెండు వంతులకు మించి నింపం.

రెండోది తుప్పు. మొదటి పాత్ర 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ఏడాదిన్నర తిరక్కుండానే వెల్డింగ్ పక్కన సూదిమొనంత రంధ్రాలు పడ్డాయి. నీళ్లు ఇగిరే కొద్దీ వాటిలోని క్లోరైడ్ (ఉప్పులో ఉండేదే) చిక్కబడి స్టీలును తినేస్తుంది. ఇప్పుడున్నది 316ఎల్, తుప్పును ఇంకాస్త తట్టుకునే రకం. దానికీ భరోసా లేదు కనుక అడుగున చిక్కబడ్డదాన్ని రాత్రికి ఉంచకుండా తీసేస్తాం. పోసేముందు నీళ్లలోని ఆమ్లాన్ని కాస్టిక్ సోడాతో సరిచేస్తాం.

సైనైడ్ బాత్ ఉన్నవాళ్లు ఈ కాగు జోలికి రావద్దు. ఆమ్లం తగిలితే ప్రాణం తీసే వాయువు పుడుతుంది. థిన్నర్, కిరోసిన్ కలిసిన నీళ్లు కూడా వద్దు, నిప్పు అంటుకుంటుంది.

చివరికి మిగిలేది రాగిజావంత చిక్కటి పచ్చటి ముద్ద, ఇరవై లీటర్లకు ఒక లీటరు. అదీ ప్రమాదకర వ్యర్థమే, కాగు దాన్ని మాయం చేయదు. 2016 నియమాల ప్రకారం 90 రోజులకు మించి షెడ్డులో పెట్టుకోకూడదు. డ్రమ్ము మీద తేదీ రాసి, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూపే మానిఫెస్ట్ కాగితాలతో హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతాం. మూడు నెలలకు రెండు డ్రమ్ములు కూడా నిండవు.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను, మూత మాత్రం పెద్దది పెట్టించుకుంటాను. శనివారం శనివారం హీటర్ల మీది తెల్లటి పెచ్చు గీకాలి. ఇప్పుడున్న సందులో రబ్బరు గ్లౌజు వేసిన చెయ్యి భుజం దాకా దూర్చితే గానీ చివరి హీటరు అందదు.