నెట్ లేని ఊళ్లో ఆడిన ఆట: జీఓజీ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్లతో పన్నెండేళ్లు

కంప్యూటర్ ఆటలు అమ్మే జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో మొదటి ఆట 2013లో కొన్నాను. అప్పటి నుంచి ఎన్ని కొన్నా, నాకు ప్రాణం అనిపించేది ఒక్కటే: ఆట ఇన్‌స్టాలర్‌ని, అంటే ఆటని కంప్యూటర్‌లో ఎక్కించే ఫైలుని, దించుకుని మన హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చు. తర్వాత అది కీ అడగదు, లాగిన్ అడగదు, నెట్ అడగదు.

అంతకుముందు గట్టి దెబ్బ తిన్నాను కాబట్టే ఇంతగా చెబుతున్నా. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీ చుట్టుపక్కల కాపీ సీడీలు దొరికే రోజుల్లో, మొదటి జీతంతో ఒక ఒరిజినల్ డీవీడీ కొన్నాను. దాన్ని మూడుసార్లే యాక్టివేట్ చేసుకోవచ్చట. ఆ సంగతి పెట్టె వెనక సన్న అక్షరాల్లో ఉంది, నేను చూడలేదు. విండోస్ మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ ఒకటి ఖర్చయిపోయింది. నాలుగోసారి ఆట తెరుచుకోలేదు. బిల్లు ఫోటో తీసి కంపెనీకి మెయిల్ మీద మెయిల్ పెట్టాను, జవాబే లేదు. అదే ఆట కాపీ సీడీ కొన్న నా రూమ్మేట్ పక్క మంచం మీద హాయిగా ఆడుకుంటున్నాడు. డబ్బు కట్టినవాడికే తాళం వేశారు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

2011లో ‘ది విచర్ 2’ అనే ఆట డిస్కుల్లోనూ ఇలాంటి తాళమే ఉంటే, తయారుచేసినవాళ్లే పది రోజుల్లోపు ప్యాచ్ (సవరణ ఫైలు) ఇచ్చి తీసేశారు. జీఓజీ అప్పుడు వాళ్ల గ్రూపుదే. ఆ నమ్మకంతోనే ఇటు వచ్చాను.

మొన్న సంక్రాంతికి సత్తుపల్లి దగ్గర మా ఊరు వెళ్లాం. ఇంట్లో నెట్ లేదు, డాబా ఎక్కితే ఫోన్‌కి ఒక గీత సిగ్నల్. మా మేనల్లుడి లాప్‌టాప్‌లో ఆటలు బోలెడున్నాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. అన్నీ ముందు లాగిన్ అవ్వమన్నాయి. ‘మామయ్యా, కొన్నవే కదా, ఎందుకు రావు?’ అని వాడు బిక్కమొహం వేశాడు. మా నాన్న పాత కళ్లజోడు పెట్టెలో నేను పెట్టుకుని తిరిగే హార్డ్ డిస్క్ తీసి వాడి చేతికిచ్చాను. అందులో 2003 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్’ ఇన్‌స్టాలర్ ఉంది, ఏళ్ల కిందట దించింది. ఫైలు మీద రెండుసార్లు నొక్కాడు, కాసేపట్లో ఆట మొదలైంది. బొమ్మ కాస్త సాగినట్టుంది గానీ వాడు పట్టించుకోలేదు. రాకుమారుడు గోతిలో పడ్డాక ఒక మీట నొక్కితే కాలం వెనక్కి తిరిగి అంచు మీదికి వచ్చాడు. వాడు ‘మళ్లీ!’ అని కావాలనే ఇంకోసారి పడేశాడు. మా అమ్మ అరిసెల పళ్లెం పట్టుకుని వెనకాలే నిలబడిపోయింది.

ఆ ఊపులో ‘విచర్ 3’ కూడా ఎక్కించబోయాను. అది పెద్ద ఆట, నాలుగేసి జీబీల ముక్కలుగా వస్తుంది. అందులో ఒక ముక్క పాడైందని సగంలో ఆగిపోయింది. మళ్లీ దించుకోవడానికి అక్కడ నెట్ ఏది? తప్పు నాదే, దించినప్పుడు సరిచూసుకోలేదు. తాళం ఉండదు నిజమే, కాపలా మాత్రం మనమే కాయాలి. ఆ ఫైళ్లు వాటంతటవి అప్‌డేట్ కావు కూడా.

ఒకప్పుడు ‘జీఓజీలో కొంటే ఆట నీ సొంతం’ అని కనిపించిన వాళ్లందరికీ చెప్పేవాణ్ణి. షరతులు చదివితే అక్కడా మనకిచ్చేది లైసెన్సే. కాకపోతే డిస్క్‌లో దాచుకున్న ఫైలుని వచ్చి ఎవరూ పట్టుకుపోలేరు. వేరేచోట అలా కాదు: 2014లో అమ్మిన ‘ది క్రూ’ అనే ఆటకి 2024 మార్చి 31న సర్వర్లు ఆపేస్తే, ఒక్కరే ఆడుకునే భాగం కూడా మూతపడింది. డబ్బు పెట్టినవాళ్ల చేతిలో ఏమీ మిగల్లేదు. జీఓజీలోనూ అన్నీ సవ్యంగా లేవు. 2021లో అమ్మకానికి పెట్టిన ‘హిట్‌మ్యాన్’ ఆట లోపల చాలా వాటికి నెట్ అడుగుతోందని జనం గొడవ చేస్తే, కొద్ది రోజులకే అమ్మకం ఆపేశారు. ఇప్పుడు ఏది కొన్నా ముందు దాని పేజీ కింద జనం రాసింది చదువుతున్నా.

నేను ఒంటరిగా, రాత్రి పిల్లలు పడుకున్నాక పాత ఆటలాడే మనిషిని, కాబట్టి నాకిది సరిపోయింది. మా మేనల్లుడు స్నేహితులతో నెట్‌లో ఆడేవాటిలో చాలా మటుకు ఇక్కడ దొరకవు, వాడికి వేరే దుకాణం తప్పదు. ఊరి నుంచి రాగానే ఇంకో హార్డ్ డిస్క్ కొన్నాను. ‘విచర్ 3’ ముక్కలన్నీ మళ్లీ దించి, ఈసారి ఒకసారి ఎక్కించి చూసుకున్నాకే కళ్లజోడు పెట్టెలో పెట్టాను.