కంటి చుట్టూ తీవ్ర ఇన్ఫెక్షన్: మాత్రలా, నరానికి ఇంజెక్షన్లా, ఆపరేషనా?

జలుబు చేసిన కొన్నాళ్లకు పిల్లవాడి కంటిరెప్ప ఎర్రగా ఉబ్బి మూసుకుపోతే, ఇంట్లోవాళ్లు వాపు ఎంత పెద్దదో చూసి భయపడతారు. కానీ చికిత్సను నిర్ణయించేది వాపు పరిమాణం కాదు. కంటిగూటికి ముందుండే పలుచని పొరకు ఇన్ఫెక్షన్ ఇవతలే ఆగిందా, అవతలికి చేరిందా అన్నదే.

డాక్టరు రెప్పను వేళ్లతో మెల్లగా విడదీసి, పెన్నును నలువైపులా కదుపుతూ కనుగుడ్డు నొప్పి లేకుండా తిరుగుతోందా, ముందుకు పొడుచుకు వచ్చిందా, పెన్ను ఎర్రమూత రెండు కళ్లకూ ఒకే ఎరుపుగా కనిపిస్తోందా అని చూస్తారు. ఇవన్నీ సవ్యంగా ఉండి, చూపు తగ్గక, మనిషి నీరసించకపోతే, పెద్దలకూ ఏడాది దాటిన పిల్లలకూ యాంటీబయాటిక్ మాత్రలో సిరప్పో సరిపోతుంది. మరునాడు మళ్లీ చూపించుకోవడం మాత్రం తప్పనిసరి. ఒక్కటి తేడాగా ఉన్నా ఆసుపత్రిలో చేరి నరానికి మందు ఎక్కించుకోవడమే మేలు. ఎందుకంటే ఎథ్మాయిడ్ సైనస్‌కూ (రెండు కళ్ల మధ్య, ముక్కు పక్కనుండే గాలి గదులకూ) కంటిగూటికీ మధ్య గోడ కాగితమంత పలుచన, గూటిలోని సిరలేమో మెదడు అడుగున ఉన్న కావెర్నస్ సైనస్ అనే రక్తపు గదిలోకి పోతాయి.

స్కాన్‌లలో ముందు సీటీయే మేలు: త్వరగా అవుతుంది, ఎముకనూ చీము గడ్డనూ చూపిస్తుంది. మెదడుకు పాకిందన్న అనుమానం ఉంటే ఎంఆర్ఐ కావాలి.

చీము కనబడగానే కోయాలా? తొమ్మిదేళ్ల లోపు పిల్లల్లో, ముక్కు వైపు గోడ దగ్గర చిన్న గడ్డ ఉండి చూపు బాగుంటే, 24 నుంచి 48 గంటలు మందులతో దగ్గరుండి గమనించవచ్చు. చూపు తగ్గుతుంటే ఆ గడువు వర్తించదు, వెంటనే చీము తీయాలి.

షుగర్ అదుపులో లేనివారి విషయం వేరు: వారిలో కంటి వాపుకు ఫంగస్ కారణం కావచ్చు. 2021లో కోవిడ్ రెండో విడతప్పుడు హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నింపేసిన మ్యూకార్‌మైకోసిస్‌ను, అంటే బ్లాక్ ఫంగస్‌ను, యాంటీబయాటిక్‌లు ఏమీ చేయలేవు. బుగ్గ తిమ్మిరెక్కడం, ముక్కులోనో అంగిట్లోనో నల్లమచ్చ కనబడటం దాని గుర్తులు. ఇక్కడ మందా, ఆపరేషనా అన్న ఎంపికే లేదు: కుళ్లిన కణజాలాన్ని తొలగించడం, షుగర్‌ను దించడం, ఫంగస్‌ను చంపే ఆంఫోటెరిసిన్-బి ఇవ్వడం మూడూ కలిసి సాగాలి. ఆ మందులో లైపోసోమల్ రకం (సన్నని కొవ్వు బుడగల్లో నింపినది) ఖరీదైనదే అయినా కిడ్నీలకు హాని తక్కువ కనుక, దొరికితే దానినే ఎంచుకోవాలి. ఏ రకమైనా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలోని పొటాషియం పరీక్షలు తరచూ చేయిస్తుండాలి.