భూతద్దం మూత ఉన్న పురుగుల పెట్టె: అక్షింతల పురుగుకి సరే, మట్టి పురుగుకి చాలదు

మూతకి భూతద్దం బిగించిన చిన్న ప్లాస్టిక్ పెట్టె ఇది. గోడలు నాలుగూ పారదర్శకంగా ఉంటాయి. తోటలో దొరికే పెంకు పురుగుల్ని పెంచి చూడటానికని అమ్ముతున్నారు. అక్షింతల పురుగు కోసమైతే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. కంపోస్టులో కనిపించే లావుపాటి తెల్ల పురుగుల కోసమైతే మాత్రం వద్దంటాను.

అక్షింతల పురుగు బతుకంతా ఆకు మీదే, వెలుతురులోనే. అందుకే ఈ పెట్టె దానికి అతికినట్టు సరిపోయింది. పేనుబంక (మొక్కల రసం పీల్చే చిన్న పురుగులు) పట్టిన రెమ్మల్లో ఆకు అడుగున చూస్తే పసుపు రంగు గుడ్లు గుత్తిగా నిలబడి ఉంటాయి. ఆ ఆకు తుంచి పెట్టెలో పెట్టాం. కొన్ని రోజులకే నల్లటి పిల్లలు బయటికొచ్చాయి. తల్లి పోలిక ఒక్కటీ లేదు: గుండ్రటి ఒళ్లు లేదు, చుక్కలు లేవు, రెక్కలు లేవు. పొడుగాటి శరీరం, వీపంతా గరుకు బుడిపెలు. ఇవి మిత్ర పురుగులని తెలియక ఎంతమంది మందు కొట్టి చంపేస్తారో! పేనుబంకని తెగ తినేది ఈ దశలోనే. భూతద్దం కింద ఆ నమలడం చూసినవాళ్లు మళ్లీ వాటి మీద మందు చల్లరు.

కుబుసం విడుస్తూ నాలుగు దశల్లో పెరిగాక తోక చివర ఆకుకి అంటించుకుని కదలకుండా ఉండిపోతుంది. అదే ప్యూపా. చచ్చిపోయిందేమోనని మా పాప టెన్షన్ పడింది. కానీ మెల్లగా తాకితే ప్యూపా ఒక్కసారిగా పైకి లేచి వాలుతుంది. దాదాపు వారం తర్వాత అందులోంచి వచ్చే పురుగు లేత పసుపు రంగులో, మెత్తగా, చుక్క ఒక్కటీ లేకుండా ఉంటుంది. ఎరుపూ చుక్కలూ గంటల తరబడి మెల్లమెల్లగా తేలతాయి. అది చూడటానికే నేను ఈ పెట్టెని మెచ్చుకుంటాను. ఇక ఆ తర్వాత పురుగు సైజు పెరగదు. తోటలో కనిపించే చిన్న అక్షింతల పురుగు పిల్ల కాదు, అది అంతే.

లోపాలున్నాయి. గాలి కోసం పెట్టిన రంధ్రాలు పెద్దవి, అప్పుడే పుట్టిన పిల్లలు దూరిపోతాయి. లోపలివైపు పల్చటి గుడ్డ అంటించాల్సి వచ్చింది. పెట్టె అంతా ఒకటే గది కావడం ఇంకో ఇబ్బంది. పేనుబంక తగ్గితే ఈ పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయి. ఎండలో పెడితే లోపల వేడెక్కి చచ్చిపోతాయి, నీడలోనే ఉంచండి. ఇక పెట్టెతో వచ్చిన కాగితంలో చుక్కల పురుగులన్నీ మేలు చేసేవేనని రాశారు. అది తప్పు. ఇరవై ఎనిమిది చుక్కలతో, సన్నటి నూగుతో, మెరుపు లేకుండా ఉండే రకం ఒకటుంది. అదీ, ముళ్లున్న దాని పసుపు పిల్లలూ వంగ ఆకుల్ని ఈనెలు తేలేలా గీకి తినేస్తాయి.

కంపోస్టు పురుగుల సంగతి వేరు. కొమ్ము పురుగు పిల్ల కుళ్లిన ఎరువులో, చీకట్లో నెలల తరబడి పెరుగుతుంది. దానికి లోతు కావాలి, తేమ కావాలి. ఈ పెట్టెలో రెండూ కుదరవు. దొరికిన తెల్ల పురుగు ఏదో తెలుసుకోవాలంటే చదునైన చోట వదిలి చూడండి. కాళ్లు పైకెత్తి, వెల్లకిలా వీపు మీద పాకితే పూల మీద వాలే పెంకు పురుగు పిల్ల. ఎరువును కుళ్లబెట్టి మేలే చేస్తుంది, తిరిగి కంపోస్టులో వేసేయండి. అది మట్టిగూడు కట్టుకుని అందులో ప్యూపా అవుతుంది. ఆ గూడు పగిలితే చాలాసార్లు బతకదు కాబట్టి, చూద్దామని తవ్వకండి.

సన్న రంధ్రాల వల, మధ్యలో పెట్టుకునే రెండు అడ్డుపలకలు కూడా ఇస్తే ఐదు స్టార్లూ ఇచ్చేదాన్ని. ప్రస్తుతానికి నాలుగు.