బాంబెర్గ్ బీర్ యాత్ర: ఏది ముందు తాగాలి, ఎక్కడ దిగాలి

బీర్ కోసమని జర్మనీ వెళ్లేవాళ్లలో చాలామంది చూపు మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్ మీదే ఉంటుంది. సందడి కావాలంటే వెళ్లండి. రుచి కోసమైతే ఆ ఖర్చు దండగ. గుడారాల్లో ఆరు మ్యూనిక్ బ్రూవరీల బీరే అమ్ముతారు. ఆరూ దాదాపు ఒకే తరహా, 6 శాతం అటూఇటూ ఆల్కహాల్ ఉన్న బంగారు రంగు లాగర్లు. 2025లో లీటరు మగ్గు ధర 14.50 నుంచి 15.80 యూరోలు. అందులోనూ ఒకటే ఎంచుకోమంటే అగుస్టీనర్. వాళ్లింకా చెక్క పీపాల్లోంచే పోస్తారు.

అసలు బీర్ ఉత్తరాన, ఫ్రాంకోనియా ప్రాంతంలోని బాంబెర్గ్‌లో ఉంది. నూరెంబెర్గ్ నుంచి బాంబెర్గ్‌కు ప్రాంతీయ రైలులో గంటలోపే. డాయిచ్‌లాండ్ టికెట్ (స్థానిక, ప్రాంతీయ రవాణాకు నెలవారీ పాస్) ఉన్న విద్యార్థులకు పైసా అదనం కాదు, ఐసీఈ అనే వేగవంతమైన రైలు మాత్రం ఎక్కకూడదు. పాత ఊరు 1993 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. అంతా నడిచి తిరగొచ్చు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, దిగీ దిగగానే పొగ బీరుకు పేరుపడ్డ ష్లెంకెర్లా బ్రూవరీ పబ్బుకు పరుగెత్తడం. పొగ బీరుతో మొదలుపెడితే ఆ రోజంతా నాలుకకు ఇంకేదీ ఆనదు. ముందు ఊరికి ఆగ్నేయంగా ఉన్న వుండర్‌బుర్గ్ పేటకు వెళ్లండి. కేస్‌మన్, మార్స్ బ్రాయ్ అనే బ్రూవరీలు ఎదురెదురుగా ఉంటాయి. కేస్‌మన్‌లో హెరెన్ పిల్స్ తీసుకోండి, శుభ్రమైన చేదు. తర్వాత వీధి దాటి మార్స్‌లో “ఊ” అంటే చాలు, ఉన్‌గెష్పుండెట్ వచ్చేస్తుంది. పీపా బిరడా బిగించకుండా మాగబెట్టిన బీర్ అది. గ్యాస్ తక్కువ, కాస్త మసకగా ఉంటుంది, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచి పూర్తిగా తెలుస్తుంది. వేడెక్కితే చప్పబడిపోతుంది కాబట్టి కబుర్లలో పడి గ్లాసు ముందు పెట్టుకుని కూర్చోవద్దు. అరలీటరును ఇక్కడ జైడ్లా అంటారు. చివర్లో సగం చాలనిపిస్తే “ష్నిట్” అడగండి. నురగ ఎక్కువగా, వేగంగా పోసి తక్కువ ధరకు ఇస్తారు.

సాయంత్రానికి పొగ బీర్. ముందు ఓబెరె క్యోనిగ్‌ష్ట్రాసె వీధిలోని ష్పెత్సియాల్ బ్రూవరీ. 1536 నాటిది, పొగ మెత్తగా ఉంటుంది. ఆఖరున ష్లెంకెర్లా. 1405 నాటి పత్రాల్లోనే ఆ ఇంటి ప్రస్తావన ఉంది. మొలకెత్తిన బార్లీని బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు, పొగ గింజలోకి దిగుతుంది. ఒకప్పుడు ఎక్కడైనా అంతే. పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే బట్టీలు వచ్చాక మిగతావాళ్లు మానేశారు. ఈ రెండు బ్రూవరీలు మాత్రం ఇప్పటికీ తమ మాల్ట్ తామే పొగబెట్టుకుంటాయి. ష్లెంకెర్లా పొగ బీర్ మేర్ట్‌సెన్‌లో ఆల్కహాల్ 5.1 శాతం. మొదటి గుక్కకు పొగబెట్టిన పంది మాంసం నోట్లో పెట్టుకున్నట్టే ఉంటుంది, చాలామంది అక్కడే గ్లాసు దించేస్తారు. ముక్కు ఆ వాసనకు అలవాటుపడితే గానీ కింద ఉన్న మాల్ట్ తీపి, చేదు తెలియవు. అందుకే ఒక్క గ్లాసుతో తీర్పు చెప్పకూడదు. భయమైతే వాళ్ల లేత రంగు బీర్ హెల్లెస్‌తో మొదలుపెట్టండి. దానికి పొగ మాల్ట్ వాడరు, పొగ బీరును పులియబెట్టిన ఈస్ట్ మోసుకొచ్చే లీలైన పొగే ఉంటుంది. చలికాలం వెళితే ఓక్ కట్టెలతో చేసిన 8 శాతం డోపెల్‌బాక్ అనే ఘాటైన బీర్ దొరుకుతుంది. దాన్ని చివరి గ్లాసుగానే ఉంచుకోండి.

బసకు ష్పెత్సియాల్, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న ఫెస్లా రెండూ పైన గదులు అద్దెకిస్తాయి. స్టేషన్‌కు దగ్గర, సాదా గదులు. కింద పబ్ కాబట్టి నిద్ర తేలికైనవాళ్లు వీధివైపు గది వద్దనండి. ఏ వేళకు చేరుతారో ముందే రాయాలి. ఈ ఊళ్లో వారపు సెలవులు, మధ్యాహ్నం మూసివేతలు మామూలే. ఫెస్లాలో లోపలికి వెళ్లే దారే నిలబడి తాగే చోటు. రాత్రి గది ఎక్కేముందు అక్కడ ఒకటి.

కార్డు మీద ఆశ పెట్టుకోవద్దు, నగదు ఉంచుకోండి. “ష్టామ్‌టిష్” అని రాసిన బల్ల రోజూ వచ్చేవాళ్లది, అక్కడ కూర్చోవద్దు. మిగతా బల్లల్లో ఖాళీ ఉంటే అడిగి కూర్చోవచ్చు. శాకాహారులకు తిండి ఇబ్బందే, ప్రతిదాంట్లో పంది మాంసం. ఊరి పేరుతో ఉన్న ఉల్లిగడ్డ వంటకంలో కూడా లోపల కూరింది మాంసమే. చీజ్ వేసిన ష్పెట్స్‌లె (నూడుల్స్ లాంటివి), లేదా మెత్తని చీజ్ ముద్ద “గెరుఫ్టర్” రొట్టెతో అడగండి. ఎండాకాలమైతే ష్పెత్సియాల్ వాళ్ల కొండమీది కెల్లర్‌కు, అంటే ఆరుబయట బీర్ తాగే తోటకు వెళ్లండి, అక్కడినుంచి కేథడ్రల్ కనిపిస్తుంది. వాన పడితే తెరవకపోవచ్చు.

పండుగలే కావాలంటే జూలై చివర్లో ఫోర్క్‌హైమ్‌లో జరిగే అన్నాఫెస్ట్‌కు నా ఓటు. అడవిలో చెట్ల కింద, కొండలో తవ్విన బీర్ నేలమాళిగల పక్కనే బల్లలు వేస్తారు. హెబెన్‌డాంట్స్, గ్రైఫ్, ఐఖ్‌హార్న్, నెడర్ అనే ఆ ఊరి బ్రూవరీల బీర్ అక్కడ దొరుకుతుంది. బాంబెర్గ్ నుంచి రైలులో కాసేపు. ఆగస్టులో బాంబెర్గ్‌లోనే జరిగే జాండ్‌కెర్వాకు మాత్రం ఇరుకు సందుల్లో అడుగు పడదు, గదులూ దొరకవు. ఆ వారం తప్పించుకోవడం మేలు.

సైకిల్ అద్దెకు తీసుకుని తాగుతూ తిరగాలనుకునేవాళ్లకు ఒక మాట: రక్తంలో ఆల్కహాల్ 1.6 ప్రొమిల్లె (వెయ్యికి 1.6 వంతులు) దాటితే సైకిల్ తొక్కడం కూడా నేరమే. కారుకు 0.5, లైసెన్స్ కొత్తవాళ్లకు, 21 ఏళ్లలోపువారికి సున్నా.

ఇంటికి తేవాలంటే ఉన్‌గెష్పుండెట్ వదిలేయండి, ప్రయాణానికి నిలవదు. పొగ మేర్ట్‌సెన్ సీసాలు నిలుస్తాయి. భారత్‌లోకి సుంకం లేకుండా మద్యం 2 లీటర్లే, అంటే నాలుగు అరలీటరు సీసాలు. చేతిసంచిలో ఒప్పుకోరు కాబట్టి బట్టల్లో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టాలి.